‘ఆడించండి’ అని చెప్తే ఎవరూ ఆడించరు: ఒక కొత్త అంగన్‌వాడీ టీచరుకు జవాబు

మీరు అడిగింది ఇది. కొత్తగా అంగన్‌వాడీ టీచరుగా చేరారు. మూడేళ్లలోపు పిల్లలతో ఇంట్లో తల్లిదండ్రులు ఆడుకోవాలి, మాట్లాడాలి అని శిక్షణలో చెప్పారు. మీరూ ఇంటింటికీ వెళ్లి అదే చెబుతున్నారు. తల్లులు తలూపి, “మాకు తీరికెక్కడిది టీచరమ్మా” అని పనిలో పడిపోతున్నారు. చార్టు చూపించారు, నెలవారీ సమావేశంలో చెప్పి చూశారు. మార్పు లేదు. వాళ్లకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి, ఇంటికి వెళ్లినప్పుడు ఏం చేయాలి, రిజిస్టరులో ఏం రాయాలి అన్నారు.

నేను సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పటికీ అప్పుడప్పుడూ శిక్షణ తరగతులకు పిలిస్తే వెళ్తుంటాను. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వాళ్లకు అర్థం కాకపోవడం ఏమీ లేదు. ‘ఆడించండి’ అన్న మాట ఆ తల్లి చెవిలో ఇంకో పనిలా పడుతోంది. నీళ్లు పట్టుకోవాలి, వంట చేయాలి, కూలికి పోవాలి, మళ్లీ ఇదొకటా? పైగా ఆ మాట వెనక “నువ్వు బిడ్డను సరిగ్గా చూసుకోవడం లేదు” అన్న నింద కూడా వినపడుతుంది. మీ మనసులో అది లేకపోవచ్చు, అయినా వినపడుతుంది. అందుకని చెప్పడం తగ్గించండి. ఆ తల్లి చేతుల్లో ఇప్పటికే ఉన్న ఆట ఏదో మీరు చూసి, దాన్ని ఆమెకు చూపించండి. మిగతాదంతా దాని మీద కట్టుకుంటూ పోవచ్చు.

ఇంటికి వెళ్లగానే రిజిస్టరు తీయకండి. ఫోను సంచిలో పెట్టేయండి. ఆమె చిక్కుడుకాయలు వలుస్తుంటే పక్కన కూర్చుని మీరూ రెండు వలవండి. ఆ కాసేపట్లో బిడ్డ ఏం చేస్తున్నాడో, దానికి ఆమె ఏం చేస్తుందో చూడండి. పది నెలల పిల్లాడు ఒక కాయ తీసి అమ్మ మొహం ముందుకు చాపుతాడు. ఆమె పని ఆపకుండానే “ఏంటది? కాయా? నాకిస్తావా?” అని చెయ్యి పడుతుంది. వాడు పెట్టినట్టే పెట్టి వెనక్కి లాక్కుని నవ్వుతాడు. ఆమె “అమ్మ దొంగా!” అంటుంది. వాడు మళ్లీ చాపుతాడు. ఇందులో బిడ్డ మొదలుపెట్టడం ఉంది, అమ్మ బదులివ్వడం ఉంది, వాడు మళ్లీ అందుకోవడం ఉంది. పిల్లల మెదడు గురించి చదువుకున్న వాళ్లు పుటలకొద్దీ రాసేది ఈ ఇచ్చిపుచ్చుకోవడం గురించే. ఆ తల్లికి అది ఆట అని కూడా తెలియదు.

అప్పుడు మీరు మాట్లాడాలి. “బిడ్డను బాగా చూసుకుంటున్నావమ్మా” అంటే ఏమీ అందదు, అది అందరికీ చెప్పే మాట. “వాడు కాయ చాపగానే నువ్వు చెయ్యి పట్టావు చూడు, అందుకే వాడు మళ్లీ మళ్లీ చాపాడు. ఇవ్వడం, తీసుకోవడం, వంతు కోసం ఆగడం, ఇవన్నీ వాడు నీ దగ్గరే నేర్చుకుంటున్నాడు” అనండి. కళ్లారా చూసిన దాన్ని, జరిగిన వెంటనే, ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ క్షణంలో ఆ తల్లి మొహం చూడండి. అంతవరకు ఆమెకు తప్పులు చెప్పినవాళ్లే ఎక్కువ. బరువు తక్కువ, రక్తం తక్కువ, టీకా ఆలస్యం. చేస్తున్న మంచిపని పేరుపెట్టి చెప్పిన మనిషి మీరే మొదటివారు కావచ్చు.

ఏమీ కనిపించని ఇల్లు కూడా ఉంటుంది. అప్పుడు “ఈమధ్య కొత్తగా ఏం చేస్తున్నాడు?” అని అడగండి. ఈ ప్రశ్నకు జవాబివ్వని తల్లిని నేను పెద్దగా చూడలేదు. “తలుపు వెనక దాక్కుంటున్నాడు”, “వాళ్ల నాన్న చెప్పులు వేసుకుని నడుస్తున్నాడు” అంటుంది. అక్కడి నుంచే ఆట మొదలుపెట్టొచ్చు.

ఇదంతా పైపై ముచ్చట అనుకునే పై అధికారులు మీకు తగలొచ్చు. వాళ్ల కోసం జమైకా సంగతి గుర్తుంచుకోండి. 1986-87లో ఆ దేశ రాజధాని కింగ్‌స్టన్‌లోని పేదవాడల్లో సాలీ గ్రాంథం-మెక్‌గ్రెగర్ అనే వైద్యురాలి బృందం, వయసుకు తగ్గ ఎత్తు లేని 129 మంది పిల్లల్ని ఎంచుకుంది. అందరూ 9 నుంచి 24 నెలల వాళ్లు. నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు పాలపొడితో అదనపు ఆహారం, ఒక గుంపుకు ఆట, ఒక గుంపుకు రెండూ, ఇంకో గుంపుకు ఏదీ లేదు. ఆట అంటే ఏం చేశారంటే, మన ఆశా కార్యకర్త లాంటి ఒక ఆరోగ్య సహాయకురాలు వారానికోసారి ఇంటికెళ్లి గంటసేపు తల్లీబిడ్డలతో కూర్చునేది. ఇళ్లల్లో దొరికే వస్తువులతో చేసిన బొమ్మలు పట్టుకెళ్లి, అక్కడే ఉంచి, తర్వాతి వారం మార్చేది. రెండేళ్లపాటు ఇంతే. ఆ పిల్లలకు 22 ఏళ్లు వచ్చాక వెతికి చూశారు. ఆట అందినవాళ్లు అందనివాళ్లకంటే 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారని 2014లో ప్రకటించారు. చదువులో ముందున్నారు, దిగులు, కొట్లాటలు తక్కువ. పాలపొడి ఒక్కటే అందినవాళ్లలో పెద్దయ్యాక అలాంటి తేడా నిలవలేదు.

అంగన్‌వాడీలో పిల్లలకిచ్చే పోషకాహారం పొడి, బాలామృతం ప్యాకెట్టు ఇవ్వడం మానమని కాదు నేను చెప్పేది. ప్యాకెట్టు ఇచ్చి, బరువు తూచి వచ్చేస్తే సగం పనే అయిందని చెబుతున్నాను. తీవ్రంగా చిక్కిపోయిన పిల్లల వైద్యానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పది మెట్లు రాసిపెట్టింది. రక్తంలో చక్కెర పడిపోకుండా చూడటం, ఒళ్లు చల్లబడకుండా చూడటం, ఇలా వెళ్తూ తొమ్మిదో మెట్టు దగ్గర ఏముందో తెలుసా? ఆట, ఆప్యాయత. రోజుకు 15 నుంచి 30 నిమిషాలు పద్ధతిగా ఆడించమంటుంది. మందులతో సమానంగా ఆటను కూడా చికిత్సలో చేర్చారన్నమాట. మీ సెంటరులో ఎదుగుదల చార్టులో ఎర్రగీత కింద ఉన్న పిల్లల ఇళ్లకు ముందు వెళ్లండి. అలాంటి బిడ్డ ఏడవడు, అడగడు, ఒక మూల కూర్చుంటాడు. “నెమ్మదస్తుడు” అని ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. అడగని బిడ్డకు ఎవరూ బదులివ్వరు, బదులు రాని బిడ్డ అడగడం ఇంకా తగ్గిస్తాడు.

ఇప్పుడు కొత్త ఆట ఒకటి ఇంట్లో ప్రవేశపెట్టడం ఎలా అన్నది. మనవాళ్లు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. టీచరు బిడ్డను ఒళ్లోకి తీసుకుని బ్రహ్మాండంగా ఆడిస్తుంది. బిడ్డ కేరింతలు కొడతాడు. తల్లి గోడకు ఆనుకుని చూస్తుంది. “చూశావా, ఇలా ఆడించాలి” అని టీచరు వెళ్లిపోతుంది. తల్లికి మిగిలేది ఏమిటి? ఇది చదువుకున్నవాళ్లకే చేతనవుతుంది, మనవల్ల కాదు అన్న భావం. కాబట్టి బిడ్డ తల్లి ఒళ్లోనే ఉండాలి. ఆటవస్తువు కూడా ఆమె చేతికే ఇవ్వండి. చేసి చూపించక తప్పదంటే ఆమె చేతి మీదో, ఒక గుడ్డబొమ్మ మీదో ఒక్కసారి చూపించండి. తర్వాత చేతులు కట్టుకుని కూర్చోండి. ఆమె తడబడినా సరే, ‘అలా కాదు’ అనకండి.

ఏ ఆట అంటారా? శిక్షణలో మీకు ‘నవచేతన’ పుస్తకం చూపించే ఉంటారు. పుట్టిన దగ్గర్నుంచి మూడేళ్ల వరకు పిల్లలకు ఏ వయసులో ఏ ఆట అన్నది కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2024లో తెచ్చింది. 36 నెలల క్యాలెండరు, 140 కృత్యాలు. మంచి పుస్తకమే. కానీ 140 ఆటల జాబితా పట్టుకుని ఇంటికి వెళ్తే తల్లి బెదిరిపోతుంది. వెళ్లిన ప్రతిసారీ ఒక్కటే. అదీ వాళ్లింట్లో అమ్మమ్మకో నానమ్మకో తెలిసినదైతే మరీ మంచిది.

అరచేతి ఆటనే తీసుకోండి. బిడ్డ అరచేయి తెరిచి, అందులో అన్నం పెట్టినట్టు, పప్పు వేసినట్టు, నెయ్యి పోసినట్టు వేలితో తాకుతూ, కలిపి, అమ్మకో ముద్ద, నాన్నకో ముద్ద, తాతకో ముద్ద అని పంచి, చివర్లో అత్తారింటికి దారి వెతుకుతూ రెండు వేళ్లతో చేతి మీదుగా నడిచి నడిచి చంకలో చక్కిలిగింత పెడతామే, అదే. తెలుగు ఇళ్లల్లో ఇది తెలియని ముసలమ్మ ఉండదు. ఎంత తెలివిగా అల్లారో గమనించండి. ఒకే వరస, ప్రతిసారీ అదే. అందుకని తర్వాత ఏం రాబోతోందో బిడ్డకు తెలుస్తుంది. వేళ్లు మోచేయి దాటగానే వాడు భుజం ముడుచుకుని, ఊపిరి బిగబట్టి, మన కళ్లల్లోకి చూస్తాడు. చక్కిలిగింత కంటే ఆ ఎదురుచూపే విలువైనది. అక్కడ ఆపమని తల్లికి చెప్పండి. వేళ్లు గాల్లో ఆపి, కనుబొమ్మలెత్తి చూడాలి. బిడ్డ ‘ఊ’ అంటాడు, చెయ్యి ముందుకు తోస్తాడు, కాళ్లు ఆడిస్తాడు. అది వాడి మాట. ఆ మాట వచ్చాకే చక్కిలిగింత.

ఇందులోనే ఇంకో పాఠం ఉంది. కొందరు, ముఖ్యంగా మేనమామలు, బిడ్డ ఉక్కిరిబిక్కిరయ్యేదాకా చక్కిలిగిలి పెడతారు. నవ్వుతున్నాడు కదా అంటారు. నవ్వుతూనే మొహం పక్కకు తిప్పుకున్నా, వీపు విల్లులా వంచినా, చేతితో తోసినా ఇక చాలని అర్థం. ఆగాలి. వాడు మళ్లీ చెయ్యి చాపితే మళ్లీ ఆడొచ్చు. తన శరీరం మీద తన మాట చెల్లుతుందని బిడ్డ మొట్టమొదట తెలుసుకునేది ఇలాంటి ఆటల్లోనే. మూడు నాలుగు నెలల పసివాళ్లు కూడా ఆట ఎక్కువైతే చూపు తిప్పేసుకుంటారు. తల్లులు దాన్ని “నా మీద అలిగాడు” అనుకుని ఇంకా దగ్గరికెళ్లి గట్టిగా పిలుస్తారు. కాస్త ఆగితే వాడే మళ్లీ చూస్తాడని చెప్పండి.

ఈ ఆగడమే తల్లిదండ్రులకు అన్నిటికంటే కష్టం. ఒక ప్రశ్న వేస్తారు, అర సెకను ఆగరు, జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు. పసిబిడ్డకు విని, అర్థం చేసుకుని, నోరు కదపడానికి సమయం పడుతుంది. మనసులో ఒకటి నుంచి ఐదు వరకు లెక్కపెట్టుకోమనండి. సమావేశంలో తల్లులందరితో కలిసి ఒకసారి ఐదు లెక్కపెట్టించండి. ఆ మౌనం ఎంత పొడవుగా ఉంటుందో వాళ్లకే తెలుస్తుంది, అందరూ నవ్వేస్తారు.

రెండేళ్లు దాటిన పిల్లల దగ్గర సమస్య వేరు. అక్కడ ఆట పరీక్షగా మారుతుంది. పిల్ల కొబ్బరిచిప్పలో మట్టి పోసి “పాయసం” అని తెస్తుంది. తండ్రి వెంటనే “ఇదేం రంగు? ఇవెన్ని? వన్ టూ చెప్పు” అంటాడు. పాయసం అక్కడే చల్లారిపోతుంది. చదువు మీది ఆశతోనే అలా అడుగుతారు, తప్పుపట్టకండి. కానీ ఒక చిన్న మార్పు చేసి చూడమనండి. ప్రశ్నలు ఆపి, పిల్ల చేస్తున్నదాన్ని మాటల్లో చెప్పాలి. “ఓహో, చిప్ప నిండా పోశావే. గరిటెతో కలుపుతున్నావు. అబ్బ, వేడిగా ఉంది, ఊదుతాను” అంటూ వాళ్ల వెనకాల వెళ్లాలి. ఒక్క ప్రశ్న లేకుండా పది మాటలు పిల్ల చెవిన పడ్డాయి, పైగా కథ ఆమెదే. పెద్దవాళ్లను ఏడిపించే పిల్లల కుటుంబాలకు సాయం చేసే నిపుణులు కూడా రోజూ ఓ ఐదు నిమిషాలు ఇదే పని చేయిస్తారు. బిడ్డ ఆడేది మాటల్లో చెప్పడం, వాడన్న మాటను తిరిగి అనడం, వాడు చేసినట్టు చేయడం, మెచ్చుకోవడం. ఆ కాసేపు ఆజ్ఞలు, ప్రశ్నలు, తప్పులు పట్టడం ఉండవు. ఐదు నిమిషాలు ఆజ్ఞలు ఇవ్వకుండా ఉండటం ఎంత కష్టమో మీ ఇంట్లోనే ప్రయత్నించి చూడండి.

“ఏబీసీడీలు నేర్పరా, ఎప్పుడూ ఆటలేనా” అని మీ సెంటరుకొచ్చి అడిగేవాళ్లకు కూడా జవాబు ఇదే. పక్క ఊళ్లో ప్రైవేటు బడి ఎల్‌కేజీ పిల్లాడు పలక నిండా రాస్తున్నాడని వాళ్ల భయం. వాదించకండి. ఒకరోజు వాళ్లను కూర్చోబెట్టి, పిల్లలు అంగడి ఆట ఆడుతుంటే చూడమనండి. ఎవరు అమ్ముతున్నారు, ఎంత చెబుతున్నారు, బేరం ఎలా ఆడుతున్నారు, వంతు కోసం ఎలా ఆగుతున్నారు. రెండు టమాటాలు తీసి ఇంకొకటి వేసి మూడు అన్న పిల్లను చూశాక లెక్కలెక్కడ అని ఎవరూ అడగరు.

సమయం సంగతికొద్దాం. తీరిక లేదన్న తల్లి అబద్ధం చెప్పడం లేదు. మిరపకోతల కాలంలో గుంటూరు, పల్నాడు వైపు తెల్లవారకముందే ఆటో ఎక్కి, చీకటి పడ్డాక ఇంటికొచ్చే తల్లికి మీరు ‘రోజుకు అరగంట’ అంటే కోపం రాదా? ఆమె రోజులో బిడ్డను ఎలాగూ తాకే సమయాలు ఏవో ఆమెనే అడగండి. స్నానం ఉంటుంది. కాళ్ల మీద పడుకోబెట్టి నూనె రుద్దేటప్పుడు బిడ్డ మొహం సరిగ్గా అమ్మ మొహానికి ఎదురుగా ఉంటుంది. ఇంతకంటే మంచి ఆటస్థలం ఎవరూ కట్టలేరు. ఒక్కో అవయవం పేరు చెబుతూ రుద్దడం, ‘ఇప్పుడు నీళ్లు… వస్తున్నాయి… వచ్చే!’ అని ఆగి పోయడం. తర్వాత అన్నం. గోరుముద్ద తినిపించేటప్పుడు బిడ్డ నోరు తెరిచేదాకా ఆగి, కాకి ముద్ద, పిచ్చుక ముద్ద అనుకుంటూ పెట్టడం. బతిమాలి, భయపెట్టి, ముక్కు మూసి కుక్కే ఇళ్లల్లో బరువు పెరగకపోవడానికి అది కూడా ఒక కారణం కావచ్చు. రాత్రి పక్క మీద రెండు నిమిషాలు, ఆ రోజు బిడ్డ చేసిన పనులే కథగా చెప్పడం. “పొద్దున్నే చిన్నిగాడు లేచాడంట, కోడి వెంట పరిగెత్తాడంట…” తమ కథ తాము వినడం పిల్లలకు ఎంతిష్టమో చెప్పలేను.

అన్నం దగ్గర ఫోను ఉందా లేదా అన్నది తప్పకుండా చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంటకు మించకూడదు, అదీ తక్కువైతే ఇంకా మేలు. భారత శిశువైద్యుల సంఘం 2021 నాటి సూచనలూ దాదాపు ఇంతే. కానీ బిడ్డ చేతిలోని ఫోను కంటే అమ్మానాన్నల చేతిలోని ఫోను గురించి మనం తక్కువ మాట్లాడతాం. 1970ల్లో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికా మనస్తత్వవేత్త ఒక ప్రయోగం చేశాడు. తల్లి పసిబిడ్డతో నవ్వుతూ ఆడుతుంది. ఉన్నట్టుండి కొద్ది నిమిషాలు మొహంలో ఏ భావమూ లేకుండా, కదలకుండా బిడ్డనే చూస్తుంది. బిడ్డ నవ్వి చూస్తాడు, శబ్దం చేసి చూస్తాడు, చేతులు చాపుతాడు. ఏదీ పనిచేయకపోతే చూపు తిప్పుకుని కుంగిపోతాడు, కొందరు ఏడుస్తారు. తల్లి మళ్లీ మామూలుగా నవ్వాక కూడా బిడ్డ తేరుకోవడానికి కాస్త సమయం పడుతుంది. ఫోను చూస్తున్న మన మొహం ఎలా ఉంటుందో ఊహించుకోండి. దీన్ని తల్లులకు చెప్పేటప్పుడు భయపెట్టేలా చెప్పకండి. అన్నం వేళ, పడుకునే వేళ ఫోను అటకెక్కిస్తే చాలు. ఈ ప్రయోగాన్ని ఇంట్లో చేసి చూడొద్దని కూడా చెప్పండి, ఒకరిద్దరికి ఆ సరదా పుడుతుంది.

తండ్రుల్ని వదిలేయకండి. “బిడ్డను ఎత్తుకుంటే నలుగురూ నవ్వుతారు” అనే ఊళ్లు ఇంకా ఉన్నాయి. తండ్రికి ఆట నేర్పాలంటే తల్లి ద్వారా కబురు పంపితే పనికాదు, మీరు సాయంత్రమో ఆదివారమో వెళ్లాలి. వాళ్లు సహజంగా ఆడేది ఎగరేయడం, గుర్రమెక్కించుకోవడం, తరమడం. పిల్లలకు అవీ కావాలి. నడక వచ్చిన పిల్లలు రోజులో మొత్తం కలిపి మూడు గంటలైనా ఒళ్లు కదపాలి. అయితే చిన్న పసివాణ్ని గాల్లోకి ఎగరేయడం, గట్టిగా కుదపడం ప్రమాదమని స్పష్టంగా చెప్పండి. మెడ, తల తట్టుకోలేవు. తండ్రి భుజాల మీద ఊరేగింపు మాత్రం ఊరందరికీ కనిపిస్తుంది. ఒకరు మొదలుపెడితే ఇంకొకరికి సిగ్గు తగ్గుతుంది.

నానమ్మలు, అమ్మమ్మలు మీ అసలు బలం. వాళ్లకు పాఠం చెప్పబోకండి, వాళ్ల దగ్గర అడగండి. “మీ పిల్లలు చిన్నప్పుడు ఏం ఆడించేవారు పెద్దమ్మా?” అనండి, చాలు. దోబూచులాట, వేళ్లాట, ఉయ్యాల ఊపుతూ పలికే మాటలు, అన్నీ బయటకొస్తాయి. కోడలికి మీరు చెబితే ‘గవర్నమెంటు మాట’ అవుతుంది. అదే మాట అత్త నోట వస్తే ఇంటి పద్ధతి అవుతుంది. ఇక చాలా ఇళ్లల్లో పగలంతా బిడ్డను చూసేది ఎనిమిదేళ్ల అక్క. ఆ అమ్మాయి బడి మానకుండా చూడటం ముందు పని. ఇంట్లో ఉన్నంతసేపు ఆమెకూ ఒక ఆట చూపించండి. అందరికంటే బాగా ఆడిస్తుంది.

బొమ్మలు కొనమని ఎవరికీ చెప్పకండి. మూత ఉన్న ఖాళీ డబ్బా, ఒకదాంట్లో ఒకటి పట్టే గిన్నెలు, కొబ్బరిచిప్పలు, పాతచీర చుట్టి కుట్టిన బంతి. ఇవి చాలు. డబ్బున్నవాళ్లు అడిగితే ఏటికొప్పాక లక్కబొమ్మలు చెప్పొచ్చు. వాటికి చెట్ల నుంచి తీసిన రంగులు వాడే సంప్రదాయం ఉంది. కొండపల్లి బొమ్మ అందమైనదే, కానీ అది చూడ్డానికి, నోట్లో పెట్టుకునే వయసుకు కాదు. ఇక్కడ జాగ్రత్తలు మాత్రం గట్టిగా, పేర్లతో సహా చెప్పండి. చింతపిక్కలు, శనగలు, వేరుశనగ గింజలు, గోలీలు, చొక్కా గుండీలు, బిళ్ల బ్యాటరీలు మూడేళ్లలోపు పిల్లలకు అందకూడదు. నోట్లో పూర్తిగా పట్టే ఏ వస్తువైనా గొంతుకు అడ్డం పడొచ్చు. బిళ్ల బ్యాటరీ మింగితే లోపల కాల్చేస్తుంది, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. గురివింద గింజలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, కానీ విషం. నీళ్ల ఆట ఆడేటప్పుడు పెద్దవాళ్లు చేయి అందేంత దూరంలోనే ఉండాలి. బకెట్టులో జానెడు నీళ్లున్నా పసివాళ్లకు ప్రమాదమే.

ఇంత ఆడించినా బిడ్డ నుంచి బదులు రాని ఇళ్లు కొన్ని తగులుతాయి. అప్పుడు తల్లిని ఇంకా ఆడించమనకండి. రెండు నెలలు నిండినా మనిషి మొహం చూసి నవ్వకపోవడం, తొమ్మిది నెలలకు పేరు పిలిస్తే తిరగకపోవడం, ఏడాదిన్నరకు కావలసినదాన్ని వేలితో చూపించకపోవడం, రెండేళ్లకు రెండు మాటలు కలిపి అనకపోవడం, ఏ వయసులోనైనా వచ్చిన మాట, వచ్చిన నవ్వు పోవడం, ఇవి కనిపిస్తే ఏఎన్‌ఎంకు చెప్పి బాలల ఆరోగ్య కార్యక్రమం వైద్య బృందానికి చూపించండి. అక్కడి నుంచి జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు, ఖర్చుండదు. “మగపిల్లలకు మాటలు ఆలస్యం”, “వాళ్ల నాన్నకూ అంతే” అనే మాటలు విని ఆగిపోకండి. ముందు చెవులు పరీక్ష చేయించాలి. వినపడని బిడ్డను మొండివాడు అనుకున్న ఇళ్లు బోలెడు.

తల్లి వైపు నుంచి బదులు రాకపోవడం కూడా ఉంటుంది. బిడ్డ నవ్వినా ఆమె మొహం మారదు, కళ్లల్లో నిద్ర లేదు, అడిగితే కన్నీళ్లు. అలాంటి తల్లికి ఆటల చిట్కాలు చెప్పడం పుండు మీద కారమే. ఆమె సోమరి కాదు, ఆమెకు వైద్యం కావాలి. ఇంట్లోవాళ్లు చేసే హింస కూడా కారణం కావచ్చు, ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ఆమె కోలుకునేదాకా బిడ్డతో ఆడే మనిషి ఇంకొకరు ఇంట్లో ఎవరో చూసి పెట్టండి.

నెలవారీ సమావేశం గురించి ఒక్క మాటే. ఉపన్యాసం తీసేయండి. తల్లులు, బిడ్డలు గుండ్రంగా చాప మీద కూర్చోవాలి. “ఈ నెలలో మీ ఇంట్లో ఏ ఆట నడిచింది?” అని అడిగి, చెప్పినావిడ చేతే చేయించండి. పక్కావిడ అది చూసి నేర్చుకున్నంత బాగా మీ చార్టు చూసి నేర్చుకోదు. బిడ్డలు మధ్యలో ఏడుస్తారు, పాకిపోతారు, ఒకడు ఇంకొకడి జుట్టు పీకుతాడు. పరవాలేదు, సమావేశం అలాగే ఉండాలి.

ఇక రిజిస్టరు. ‘ఆటల ప్రాముఖ్యత గురించి తల్లికి వివరించడమైనది’ అని రాస్తే పై వాళ్లకు సరిపోతుంది, మీకు మాత్రం ఎందుకూ పనికిరాదు. ఆ వాక్యం రాయక తప్పదంటే రాయండి. దాని పక్కన మీ సొంత నోటుపుస్తకంలో ఆ రోజు ఆ తల్లి చేసినది ఒక్క ముక్క రాసుకోండి. ‘కాయ ఇచ్చిపుచ్చుకునే ఆట. చక్కిలిగింత ముందు ఆగింది. వాడు ఊ అన్నాడు. స్నానం దగ్గర ఆడతానంది.’ తర్వాతసారి ఆ గుమ్మం ఎక్కే ముందు అది చదువుకుని వెళ్లండి. “స్నానం దగ్గర ఆడతానన్నావు కదా, వాడు ఏం చేశాడు?” అని అడగండి. “కుదర్లేదు” అంటే మరి ఎప్పుడు కుదురుతుందో ఆమెనే చెప్పమనండి. ఆడానంటే ఎలా ఆడిందో చూపించమని కూర్చోండి.